నీరసం కాదండీ అది

నా కాళ్లూ చేతులూ పడిపోతే ఎవరో ఒకరు నా నోట్లో గ్లూకోజు నీళ్లు పోశారు. లేదంటే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. అందరూ ప్రేమతోనే చేశారు కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. మా గోదావరి వైపు మాట మహా మెత్తన. "ఏవండీ, కాస్త నీరసంగా ఉన్నట్టున్నారండీ, ఒక బాటిల్ పెట్టించుకోండి" అంటూ మర్యాదగా మనిషి ప్రాణం తీసెయ్యగలరు. ఇప్పుడు కోలుకున్నాను. చెయ్యి కలం పట్టుకుంటోంది. కోపం చల్లారకముందే ఇదంతా రాసెయ్యాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే నేనూ మెత్తగానే రాస్తాను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

నా పేరు కరుణ. ముప్పై నాలుగేళ్లు. ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన ప్రసాద్‌కి అదే ఊళ్లో మోటార్లు బాగుచేసే షాపుంది. మాకొక పాప, తొమ్మిదేళ్లు. నా పుట్టిల్లు కైకలూరు దాటాక కొల్లేటికోట వెళ్లే దారిలో, చేపల చెరువుల మధ్య. అక్కడ మా అమ్మ సువార్తమ్మ, తమ్ముడు రాజు ఉంటారు. నాన్న పోయి పద్దెనిమిదేళ్లయింది.

డిసెంబరు

క్రిస్మస్‌కి పుట్టింటికి వెళ్లాం. ఆరాధన అయ్యాక సంఘమంతటికీ విందు. ఈసారి వంట మా వీధి ఆడవాళ్ల వంతు వచ్చింది. ముందు రోజు నుంచీ బియ్యం బస్తాలు లాగడం, డేగిసాలు దింపడం, బల్లలు మొయ్యడం. అందరికీ వడ్డించి మధ్యాహ్నం మూడింటికి నేను కూర్చున్నాను. కరకరలాడే ఆకలి. పలావు రెండుసార్లు పెట్టించుకున్నాను. దాని మీద పరమాన్నం, దాని మీద కేకు. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా పడుకున్నాను.

పొద్దున్న మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్లు రాలేదు. తిమ్మిరి కాదు, నొప్పి లేదు. దుప్పటి తగలడం తెలుస్తోంది, ఈగ వాలడం తెలుస్తోంది, బుర్ర శుభ్రంగా పనిచేస్తోంది. కదలమంటే మాత్రం కదలదు. నా కాలు నా పక్కన ఎవరో పెట్టి మర్చిపోయిన సామానులా ఉంది.

"ఏమే, ఎండెక్కింది. లేవవేంటి?" అంది అమ్మ.

"లేవలేకపోతున్నానమ్మా. కాళ్లు రావట్లేదు."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకూ మీ నాన్న పోలికే వచ్చింది. పండగ మర్నాడు ఆయనా ఇంతే."

ఆ మాటకి మా ఇంట్లో ఒకటే అర్థం. నాన్న సోమరి. అది మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి. చెరువుల్లో చేపలు పట్టే పనికి వెళ్లేవాడు. ఒక రోజు నలుగురి పని చేసేవాడు, మర్నాడు మంచం దిగేవాడు కాదు. పెళ్లి భోజనం తిన్న మర్నాడు అసలే లేచేవాడు కాదు. పిలిచి పిలిచి పనివాళ్లు వెళ్లిపోయేవారు. ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పుకునేటప్పుడు మా అమ్మ లేచి నిలబడి, "మా ఇంటాయనకి సోమరితనం వదలాలని అందరూ ప్రార్థన చెయ్యండి" అనేది. నాన్న అవతల మగవాళ్ల వైపు కూర్చుని తన పాదాలు చూసుకుంటూ ఉండేవాడు. చాప మీద కూర్చున్న నాకు తల కొట్టేసినట్టుండేది. ఆయన మీద జాలితో కాదు, ఆయన నా తండ్రి అయినందుకు. ఆయన తాగడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఊరు మాత్రం తాగి పడుకున్నాడనే అనేది. మేమెవరం కాదని చెప్పలేదు. సోమరి అనిపించుకోవడం కంటే తాగుబోతు అనిపించుకోవడమే కాస్త నయమేమో అనుకున్నాం కాబోలు.

సరే, నా సంగతి. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుగారు వచ్చారు. మా ఊరికి ముప్పై ఏళ్లుగా ఆయనే దిక్కు. నాడి చూసి, "నీరసమండి. రెండు రోజులుగా నిలబడే ఉంది కదండి" అని కిటికీ మేకుకి గ్లూకోజు బాటిల్ వేలాడదీశారు. ఈలోగా పక్కింటి పిన్ని గ్లాసులో గ్లూకోజు పొడి కలిపి చెంచాతో నోట్లో పోసింది. బాటిల్ అయ్యేసరికి చేతులు కూడా పోయాయి. సాయంత్రానికి తలగడ మీంచి తల ఎత్తలేకపోయాను. "చూశారా, ఎంత నీరసమో" అన్నారు డాక్టరుగారు.

మర్నాడు సాయంత్రం వేళ్లు కదిలాయి, తర్వాత మోకాళ్లు. లేచి గోడ పట్టుకుని నడిచాను. బాటిల్ పనిచేసిందన్నారు. నేనూ అదే అనుకున్నాను.

జనవరి

రెండోసారి మా ఇంట్లోనే వచ్చింది. స్కూల్లో ఆటల పోటీలు పెట్టారు. ఎండలో పిల్లలతో పాటు పరుగులు తీసి, అయ్యాక అందరికీ పంచగా మిగిలిన స్వీట్లు తిన్నాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే. ప్రసాద్ నన్ను ఎత్తి ఆటోలో వేసుకుని తాడేపల్లిగూడెం తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరు నన్ను చూసిన దానికంటే ప్రసాద్‌ని ఎక్కువ చూశాడు. "ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అండి? అత్తగారితో గొడవలు లాంటివి?" మంచం మీద ఉన్నది నేను. నోరు బాగానే ఉంది, మాట వస్తోంది. నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా, మా అత్తగారు పోయి ఆరేళ్లయిందని! రోజంతా బాటిల్ ఎక్కించి, మర్నాడు నేను లేచి బాత్రూముకి నడిచి వెళ్లొచ్చాక తీరిగ్గా రక్తం తీశారు. అన్నీ నార్మల్. నరాల బలహీనత అని బిళ్లలు రాసి, "మనసులో ఏదో పెట్టుకున్నారండి, మంచి మానసిక వైద్యుడికి చూపించండి" అని పంపించేశాడు.

దారిలో, ఊరు దగ్గర పడ్డాక ప్రసాద్, "నావల్ల నీకేమైనా బాధ ఉంటే చెప్పు కరుణా" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అడిగాడు. ఆ మాట నన్ను ఆ డాక్టరు మాట కంటే ఎక్కువ గుచ్చింది. ఏ బాధా లేదంటే నమ్మడు. ఉందంటే అబద్ధం.

స్కూల్లో హెడ్మాస్టరు గారు నవ్వుతూ పలకరించారు. "మేడం గారూ, సెలవు కావాలంటే అడగొచ్చు కదండీ. కాళ్లదాకా ఎందుకండీ." స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు మూసుకుంటే ఊరు ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అప్పుడే నాకో సంగతి తోచింది. ఒకే జబ్బు మగవాడికొస్తే సోమరి, తాగుబోతు. ఆడదానికొస్తే నాటకం, మనసులో బాధ. ఏ పేరు పెట్టినా రక్తం తీసి చూడాల్సిన పని మాత్రం తప్పుతుంది.

శ్రమల దినాలు

నా స్వస్థత కోసం మా సంఘంలో శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. పెట్టించింది అమ్మే. ఈస్టరుకి ముందు వచ్చే ఈ నలభై దినాలూ మా ఇంటికొచ్చి ఉంది. నేనూ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చునేదాన్ని. సాయంత్రం ప్రార్థన ముగిశాక ఉపవాసం విడిచి అన్నం. ఎండిపోయి వచ్చిన కూతుర్ని చూసి తల్లి ఊరుకుంటుందా? వేడన్నం, పప్పు, బెల్లం పరమాన్నం, మళ్లీ అన్నం. "పగలంతా ఖాళీ కడుపుతో ఉన్నావు. ఇంకో రెండు ముద్దలు తినవే" అని గిన్నె పట్టుకుని నిలబడేది.

మూడో శనివారం పొద్దున్న మెడ కింద నుంచి ఏదీ నాది కాదు. నన్ను బాగుచెయ్యమని ఉపవాసం, ఆ ఉపవాసం విడిచిన అన్నమే నన్ను పడగొట్టింది. ఆ మాట అప్పటికి నాకు తెలీదు. దేవుడికి కూడా నా మీద నమ్మకం పోయిందనుకుని ఏడ్చాను. ఏడిస్తే కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

ఈసారి ప్రసాద్ ఎవర్నీ అడగలేదు. నేరుగా ఏలూరు అన్నాడు.

ఆ ఆసుపత్రి హాల్లో కుర్చీల వరసలో నన్ను ఒక మూలకి ఆనించి కూర్చోబెట్టి, ఆయన చీటీ కోసం క్యూలో నిలబడ్డాడు. గంటన్నర. చుట్టూ జనం. నా ముక్కు మీద దురద మొదలైంది. ఇంత చిన్న సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ గంటన్నరలో అంతకంటే పెద్ద బాధ నాకు లేదు. పైట జారిపోయింది, సర్దుకోలేను. ఎదురుగా కూర్చున్న మగవాళ్లు చూపు తిప్పుకోలేదు. నా పక్కన ఒకావిడ కూర్చుంది. వరిచేల్లో పని చేసుకునే మనిషని చేతులు చూస్తే తెలుస్తోంది. "ఏమ్మా, ఏమైనా కావాలా?" అంది. సిగ్గు విడిచి ముక్కు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. తన చీర కొంగుతో నెమ్మదిగా గోకింది. నా పైట సర్ది, పిన్నీసు లేకపోతే తన జాకెట్టుది తీసి పెట్టింది. "మీదేం ఊరండీ?" అంటే గణపవరం వైపని చెప్పింది. పేరు అడిగేలోగా ఆవిడని లోపలికి పిలిచారు. డిసెంబరు నుంచీ నన్ను ఏ ఆరా తియ్యకుండా నమ్మిన మొదటి మనిషి ఆవిడే.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు లేడీ డాక్టరు. నర్సు అలవాటుగా గ్లూకోజు బాటిల్ తెచ్చి స్టాండుకి తగిలించబోతుంటే, "ఆగండి. ముందు రక్తం" అంది. ప్రసాద్ వైపు కాకుండా నా మొహంలోకి చూసి అడిగింది.

"నిన్న రాత్రి ఏం తిన్నారండి?"

మూడు నెలల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పరమాన్నం దాకా అన్నీ చెప్పాను. క్రిస్మస్ విందూ చెప్పాను, స్కూలు స్వీట్లూ చెప్పాను. ఆవిడ తల ఊపుతూ రాసుకుంది. రిపోర్టు వచ్చింది. రక్తంలో పొటాషియం ఉండాల్సిన దానికంటే బాగా పడిపోయింది. నోట్లో పొటాషియం మందు పోశారు. అంత వికారమైన రుచి నా జన్మలో ఎరగను. నాలుగు గంటల తర్వాత కుడికాలి బొటనవేలు కదిలింది.

మర్నాడు ఆవిడ మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. కండరంలో ప్రతి కణానికీ చుట్టూ సన్నటి పొర ఉంటుంది. ఆ పొరలో తలుపులుంటాయి. వాటిని అయాన్ ఛానెళ్లు అంటారు. సోడియానికి ఒక రకం, పొటాషియానికి ఒక రకం, కాల్షియానికి ఒక రకం. ఒక్కో రకం ఒక్కో పెద్ద కుటుంబం. ఆ తలుపులు సమయానికి తెరుచుకుని మూసుకుంటేనే గుండె కొట్టుకుంటుంది, మెదడు ఆలోచిస్తుంది, కాలు కదులుతుంది. గుండెలో తలుపు పాడైతే ఒక జబ్బు, మెదడులో పాడైతే మూర్ఛలు, కండరంలో పాడైతే నాది.

"మీ తలుపుల్లో ఒక రకం పుట్టుకతోనే కాస్త కారుతుందండి. మామూలు రోజుల్లో ఏమీ తెలీదు. బాగా కష్టపడి, తర్వాత తీపో, అన్నమో ఎక్కువ తిని పడుకున్నారనుకోండి. ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది. అది రక్తంలో ఉన్న పొటాషియాన్ని కణాల్లోకి తోసేస్తుంది. ఇక కండరం పిలిస్తే పలకదు."

ప్రసాద్ అంతా విని, "అంటే మోటారు బాగానే ఉందండి. సప్లై అందట్లేదు. అంతేనా అండి?" అన్నాడు.

"అంతేనండి" అని నవ్వింది.

"మరి గ్లూకోజు?" అన్నాను నేను.

ఆవిడ నవ్వు ఆగింది. "గ్లూకోజు ఎక్కిస్తే ఇన్సులిన్ ఇంకా ఊరుతుంది. పొటాషియం ఇంకా పడిపోతుంది. మీకది విషంతో సమానమండి. మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఇంకోటి, మీరు లేచి తిరిగాక రక్తం తీస్తే ఏమీ కనపడదు. పడిపోయినప్పుడే తియ్యాలి." తర్వాత కాగితం తిప్పి అడిగింది. "ఇది తరచూ తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుందండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయ్యేదా?"

"లేదండి" అన్నాను. ఆవిడ లేదని రాసేసింది. గది గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"మా నాన్న సోమరండి" అన్నాను వెనక నుంచి.

ఆవిడ తిరిగొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

అన్నీ చెప్పాను. పెళ్లి భోజనాల మర్నాళ్లు, వలలు లాగిన మర్నాళ్లు, అన్నీ. "కాళ్లు నావి కాకుండా పోతాయే అమ్మడూ" అని నాన్న నాతో చాలాసార్లు అన్నాడు. నేనది పని తప్పించుకునే మాట అనుకున్నాను. నాకు పదహారేళ్లప్పుడు, పెద్ద చెరువులో రెండు రోజులు వల లాగి, యజమాని పెట్టిన విందు తిని వచ్చి పడుకున్నాడు. పొద్దున్న లేవలేదు. ఆర్‌ఎంపీ డాక్టరుగారు బాటిల్ పెట్టారు. తగ్గలేదు, రెండోది పెట్టారు. మధ్యాహ్నానికి పోయాడు. గుండె ఆగిందన్నారు. తాగి తాగి పోయాడంది ఊరు.

"ఇన్నేళ్ల తర్వాత ఇదే అని నేను చెప్పలేనండి" అంది డాక్టరు. చీటీ మీది బొమ్మ పక్కన ఏదో రాసుకుని, "మీకు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారా?" అంది.

ఏప్రిల్

నా రక్తం ఏదో పెద్ద ఊరికి పంపించారు. నెల దాటాక కాగితం వచ్చింది. కాల్షియం ఛానెల్ తయారుచేసే జన్యువులో ఒక అక్షరం మారిందట. పిల్లలకి రావడానికి సగానికి సగం అవకాశమట. పాప పొద్దున్న లేవడం రెండు నిమిషాలు ఆలస్యమైతే నా ప్రాణం పైకిపోతుంది. తట్టి లేపి పరుగెత్తించి చూస్తాను. అది విసుక్కుంటుంది. ఆ విసుగు వింటే నాకు హాయి.

ఇప్పుడు చెప్తాను నా కోపం. ఆ తలుపులకి కుటుంబాలున్నాయి, పేర్లున్నాయి, పుస్తకాల్లో బొమ్మలున్నాయి. వాటి గురించి చదువుకున్న మనుషులు మాకు యాభై కిలోమీటర్ల లోపలే ఉన్నారు. మా కుటుంబానికి మాత్రం సోమరి అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఊరు పెట్టింది, చర్చి ఆమెన్ అంది, మేం మోశాం.

కాగితం తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"చచ్చిపోయినాయన మీద ఇప్పుడు జబ్బులు రాయకు" అంది.

"జబ్బు కాదంటే సోమరనేగా అమ్మా నీ ఉద్దేశం?"

"నేను ఇరవై ఏళ్లు ఆయనతో కాపురం చేశాను. నువ్వు చెయ్యలేదు" అని లేచి దొడ్లోకి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అది జబ్బని ఒప్పుకుంటే, చర్చిలో అన్ని ఆదివారాలు తను నిలబడి అన్న మాటలన్నీ ఏం చేసుకోవాలి? ఆ సంగతి నాకు అర్థం కాక కాదు. అర్థమైనా మండింది.

రాజుకి చెప్తే నవ్వాడు. వాడూ నాన్నలాగే చెరువు పనికే వెళ్తాడు. నెలకోసారైనా పొద్దున్న లేవలేక పని పోగొట్టుకుంటాడు. "నాకేం లేదక్కా. ముందు రోజు కాస్త ఎక్కువైందంతే" అన్నాడు.

"నువ్వు ఇరవై రెండేళ్ల దాకా చుక్క ముట్టలేదు కదరా. అప్పుడూ లేవలేకపోయేవాడివి."

"ముట్టకపోయినా తాగుబోతన్నారు కదక్కా. మరి ముట్టుకుంటే పోయిందేముంది?" మళ్లీ నవ్వాడు. ఏలూరు రమ్మన్నాను. చెరువుల్లో చేపలు పట్టే సీజను అయ్యాక చూద్దాంలే అన్నాడు.

మే నెలాఖరు

స్కూలు సెలవులు. పాపని తీసుకుని అమ్మ దగ్గరే ఉన్నాను. ఆ రోజు తెల్లవారకముందే రాజు వల లాగడానికి వెళ్లి, పది గంటలకి తడిబట్టలతో వచ్చి, కుండెడన్నం తిని పడుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. వద్దురా అంటూనే ఉన్నాను. మధ్యాహ్నం రెండింటికి "అక్కా" అని పిలిచాడు. ఆ పిలుపులోనే తెలిసిపోయింది.

మెడ దాకా పోయింది. కళ్లు మాత్రం నా వెంట తిరుగుతున్నాయి. ఏలూరు డాక్టరుకి ఫోన్ చేశాను. మింగగలుగుతున్నాడా, ఊపిరి బాగా తీస్తున్నాడా అని అడిగి, నా దగ్గరున్న పొటాషియం మందు ఎంత పొయ్యాలో చెప్పి, వాణ్ణి తీసుకుని వెంటనే బయల్దేరమంది. నేను ఫోన్ పెట్టేసి మందు పోస్తున్నాను. గుమ్మంలో మోటారుసైకిలు ఆగింది. అమ్మ ఆర్‌ఎంపీ డాక్టరుగారిని పిలిపించింది. చేతిలో బాటిల్.

"ఏం లేదండి, ఎండలో పని కదండి, నీరసం. ఒకటి పెడితే లేచి కూర్చుంటాడు" అంటూ కిటికీ మేకు వైపు వెళ్లారు.

"వద్దండి" అన్నాను.

"అదేంటమ్మా కరుణా. ముప్పై ఏళ్లుగా పెడుతున్నాను. ఎవరికైనా ఏమైనా అయిందా?"

"మా నాన్నకి అయింది."

ఆయన చెయ్యి గాల్లో ఆగింది. అమ్మ మధ్యలోకి వచ్చింది. "నువ్వు ఊరుకోవే! నాలుగు అక్షరాలు నేర్చుకుని డాక్టరువైపోయావా? మీరు పెట్టండి బాబూ, దాని మాట వినకండి."

నేను బాటిల్ లాక్కుని గుమ్మం బయటికి విసిరేశాను. అరిచాను. ఏం అరిచానో నాకు సరిగ్గా గుర్తులేదు. పక్కింటివాళ్లు వచ్చేశారు. నా బతుకులో మొదటిసారి అండీలు లేకుండా మాట్లాడానని పాప తర్వాత చెప్పింది. అమ్మ నా జుట్టు పట్టుకోబోయింది.

"అమ్మా" అన్నాడు రాజు మంచం మీంచి. చాలా చిన్నగా. "నాన్నకీ ఇలాగే ఉండేదా? నాకు భయంగా ఉందే. అక్క చెప్పినట్టు చెయ్యి."

అమ్మ నన్ను వదిలేసింది.

ఆటో మాట్లాడింది ఆర్‌ఎంపీ డాక్టరుగారే. రాజుని ఎత్తి పడుకోబెట్టి, తల తన ఒళ్లో పెట్టుకుని ఏలూరు దాకా ఆయనే కూర్చున్నారు. దారి పొడుగునా వాడి నాడి వదల్లేదు. నేను ఆయన మొహం చూడలేదు.

రిపోర్టు నా దానికంటే అధ్వాన్నంగా వచ్చింది. "గ్లూకోజు బాటిల్ గానీ ఎక్కించి ఉంటే చెప్పలేమండి" అంది డాక్టరు. ఆ మాట అమ్మ వింది. గుండె మీద వైర్లు పెట్టారు, మందు ఎక్కించారు. సాయంత్రం ఆరింటికి రాజు చూపుడువేలు కదిలింది. అమ్మ ఆ వేలు పట్టుకుని మంచం అంచున కూర్చుంది. ప్రార్థన చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. చాలాసేపటికి, వాడితో కాదు, నాతో కాదు, "ఎన్ని మాటలన్నానో" అంది. నేను ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక నాకు లేదు.

నీళ్ల కోసం బయటికి వచ్చాను. వరండాలో బల్ల మీద ఆర్‌ఎంపీ డాక్టరుగారు ఇంకా కూర్చునే ఉన్నారు. ఊరికి వెళ్లిపోయారనుకున్నాను. ఎవరికి ఏ బాటిల్ పెట్టకూడదో లోపలి డాక్టరు చేత చీటీ మీద రాయించుకుని, అది మడిచి జేబులో పెట్టుకుంటున్నారు. నన్ను చూసి లేచారు.

"మీ నాన్నకి రెండు పెట్టానమ్మా" అన్నారు. "మొదటిది అయ్యేసరికే చేతులు పడిపోయాయి. నీరసం ఎక్కువైందనుకున్నాను. నా దగ్గర ఇంకోటి లేదు."

ఆయన దగ్గర లేదని నాకు తెలుసు. నాన్న సైకిల్ మీద కైకలూరు వెళ్లి, మందుల షాపులో రెండో బాటిల్ కొని, ఎండలో గాలికి ఎదురు తొక్కుకుంటూ తెచ్చి, ఆయన చేతికిచ్చింది నేనే. తొందరగా పెట్టండి డాక్టరుగారూ అని బతిమాలింది నేనే. పద్దెనిమిదేళ్లుగా ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మార్చి నెల నుంచి నాకు మాత్రం మరో ఆలోచన లేదు.

"తెచ్చింది నేనేనండి" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి మానుకున్నారు. "అప్పుడు చిన్నపిల్లవమ్మా నువ్వు. నీకేం తెలుసు?"

"మీరు పెద్దవారే కదండీ" అన్నాను.

నేను నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.